టాస్మానియాలో పుట్టిన బొంబాయి అమ్మాయి

బ్రిటిష్ సినిమా, నాటకం, టీవీ వాళ్లు ఆసియాలో పుట్టిన నటీమణులను చిన్నచూపు చూస్తారని చాలాకాలంగా ఒక నింద ఉంది. అది విన్నప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమంటుంది. నోటికొచ్చినట్టు మాట్లాడటమే గానీ, జాబితా ఒక్కసారైనా చూసినవాళ్లు ఎవరు? వివియన్ లీ 1913లో డార్జిలింగ్‌లో పుట్టింది. జూలీ క్రిస్టీ 1940లో అస్సాంలో, చబువా దగ్గర టీ తోటలో పుట్టింది. మార్గరెట్ లాక్‌వుడ్, గూగీ విథర్స్ ఇద్దరిదీ కరాచీ. జోవానా లమ్లీది శ్రీనగర్. మొదటి ఇద్దరికీ కలిపి మూడు ఆస్కార్లు. టీ ఆకు, నీలిమందు పట్టుకెళ్లినట్టే హీరోయిన్లను కూడా మన వైపు నుంచే పట్టుకెళ్లారు. ఇంకా ఏం చేయాలి పాపం వాళ్లు?

కాకపోతే చిన్న నియమం ఒకటి ఉంది. ఆసియాలో ఎంత పుట్టినా ఫర్వాలేదు, ఆ సంగతి మొహం మీద తెలియకూడదు. దీన్ని వివక్ష అనేయడం తొందరపాటు. ఒకరింటికి వెళ్లినప్పుడు చెప్పులు గుమ్మం బయట విప్పుతాం కదా, అలాంటి మర్యాదే ఇది. చెప్పుల బదులు మొహం.

ఈ మర్యాదను పూర్తిగా వంటబట్టించుకున్న మనిషి మెర్ల్ ఓబెరాన్. 1911లో బొంబాయిలో పుట్టింది. పెరిగింది కలకత్తాలో. అందరూ క్వీనీ అని పిలిచేవారు. టెలిఫోన్ ఆపరేటర్‌గా కూడా పనిచేసింది. అక్కణ్ణుంచి లండన్ చేరి చిన్నాచితకా వేషాలు వేస్తూ అలెగ్జాండర్ కోర్డా కంట్లో పడింది. 1933లో ఎనిమిదో హెన్రీ రాజు మీద ఆయన తీసిన సినిమాలో ఆన్ బొలీన్ వేషం ఇచ్చాడు. రాణీగారు తెర మీద ఉండేది కాసేపే, తర్వాత తల నరికేస్తారు. ఆ కాసేపటికే పేరొచ్చింది. అన్నట్టు కోర్డా పుట్టింది హంగరీలో. ఆ సంగతి ఆయనా దాచలేదు, ఎవరూ అడగలేదు, ప్రభుత్వం సర్ బిరుదు కూడా ఇచ్చింది.

ఇంగ్లండ్ రాణి వేసిన అమ్మాయి బొంబాయిలో పుట్టిందంటే ప్రేక్షకులకు టెన్షన్. అందుకని కొత్త పుట్టిల్లు ఒకటి ఖాయం చేశారు: టాస్మానియా. ఆస్ట్రేలియాకు కింద ఉన్న దీవి. ఎందుకు అదే అంటే, తెల్లవాళ్లు ఉండే చోటు, పైగా ఎవరూ వెళ్లి వాకబు చేయలేనంత దూరం. పెళ్లి సంబంధాల్లో "అబ్బాయి అమెరికాలో పెద్ద మేనేజరండీ" అన్నప్పుడు మనం కూడా విమానమెక్కి చూసి రాం కదా. మరి ఆ ఛాయ ఎక్కడిది? మనకైతే పెళ్లిళ్ల పేరయ్యలు ఏనాడో "చామనఛాయ" అనే చల్లటి మాట ఒకటి చేసిపెట్టారు. లండన్ వాళ్లు దానికి దీటుగా "ఎగ్జాటిక్" అన్నారు. ఎక్కడిదో చెప్పకుండా ఇక్కడిది కాదని చెప్పడానికి ఇంతకన్నా మంచి మాట లేదు.

ఊరు మార్చడం తేలిక. ఇంట్లో మనిషిని ఏం చేయాలి? షార్లెట్ అని, సిలోన్ నుంచి వచ్చిన ఆవిడ, మెర్ల్‌ను పెంచిన తల్లి, లండన్‌లో కూతురితోనే ఉండేది. రంగు తక్కువ. వచ్చిపోయేవాళ్లకు ఆవిణ్ణి పనిమనిషి అని చెప్పారు. 1937లో పనిమనిషిగానే పోయింది. 1949లో మెర్ల్ ఆవిడ బొమ్మ వేయించుకుంది, చర్మం మాత్రం తెల్లగా వేయించింది. ఎన్నో ఏళ్లకు బర్త్ సర్టిఫికెట్ బయటపడ్డాక ఇంకో సంగతి తేలింది. షార్లెట్ తల్లి కాదు, అమ్మమ్మ. షార్లెట్ కూతురు పసితనం వదలని వయసులో కన్న బిడ్డ మెర్ల్. ఇక్కడ వ్యంగ్యం రాయడానికి నాకు కలం కదలడం లేదు, ముందుకు పోదాం.

ఆ 1937లోనే లండన్‌లో కారు ప్రమాదం జరిగి మెర్ల్ మొహం మీద మచ్చలు పడ్డాయి. తర్వాత హాలీవుడ్‌లో లూసియన్ బాలార్డ్ అనే కెమెరామన్ ఆవిడ కోసం ప్రత్యేకంగా ఒక చిన్న లైటు తయారుచేశాడు. కెమెరా లెన్స్ పక్కనే బిగించి, వెలుగు నేరుగా మొహం మీద పడేలా చేస్తారు. మచ్చలు, గీతలు మాయం. ఆమె పేరు మీదే దానికి "ఓబీ" అని పేరొచ్చింది. బాలార్డ్ ఆమెను పెళ్లి కూడా చేసుకున్నాడు. లైటు పెట్టింది మచ్చల కోసమే అన్నారు, నేనూ నమ్ముతాను. ఎదురుగా కొట్టే తెల్లటి వెలుగులో మచ్చలతో పాటు బొంబాయి కూడా కొంచెం చెదిరిపోయి ఉంటే అది లైటు తప్పు గానీ మనుషుల తప్పు కాదు.

1939లో "వుదరింగ్ హైట్స్" నవలను హాలీవుడ్ సినిమాగా తీసింది. నవలలో హీత్‌క్లిఫ్ నల్లటి పిల్లవాడు, ఎక్కణ్ణుంచో కొట్టుకొచ్చినవాడు. అతన్ని చూసి ఒక పెద్దమనిషి లాస్కర్ కుర్రాడేమో అంటాడు. లాస్కర్లంటే మన వైపు నుంచి ఓడల్లో పనికి వెళ్లినవాళ్లు. ఆ వేషం ఇంగ్లండ్‌లో డార్కింగ్ ఊళ్లో పుట్టిన లారెన్స్ ఒలివియర్‌కు ఇచ్చారు. అతను ప్రేమించే తెల్లపిల్ల క్యాథీ వేషం మెర్ల్‌కు ఇచ్చారు. ఆ వేషమే కావాలని డార్జిలింగ్ నుంచి వివియన్ లీ పోటీకొచ్చింది. ఇస్తామన్న రెండో వేషం వద్దంది. ఇంగ్లండ్ పల్లెటూరి పిల్ల వేషానికి బొంబాయికీ డార్జిలింగ్‌కూ పోటీ! అవకాశాలు లేవంటారేమిటి?

మరి మొహం దాచుకునే వీల్లేనివాళ్ల సంగతి? వాళ్లకూ పనుంది. త్సాయ్ చిన్‌ను చూడండి. తండ్రి జౌ షిన్‌ఫాంగ్ పెకింగ్ ఒపేరాలో మహానటుడు. ఆమె లండన్‌లో రాడా నాటక విద్యాలయంలో చేరిన మొదటి చైనా విద్యార్థి. అంత చదువుకు తగ్గట్టే 1959లో లండన్ నాటకంలో పెద్ద వేషం దొరికింది, హాంకాంగ్ వేశ్యగా. ఆ తర్వాత 1965 నుంచి 1969 దాకా ఐదు సినిమాల్లో ఫూ మాంచూ అనే చైనా దుర్మార్గుడి కూతురు. ఆ తండ్రి వేషం వేసింది క్రిస్టఫర్ లీ. లండన్‌లో పుట్టిన ఆరడుగుల ఐదంగుళాల మనిషికి కళ్లకు అతుకులేసి, వేలాడే మీసం పెట్టారు. నిజంగా చైనా నటుడి కూతురైన అమ్మాయి ఐదు సినిమాల పాటు ఆ మీసం వైపు చూస్తూ "నాన్నగారూ" అనాలి. నటన అంటే అదీ.

1967లో జేమ్స్ బాండ్ సినిమా మొదట్లో, హీరోతో పాటు మంచం మీద కనిపించేది ఆమే. బటన్ నొక్కితే మంచం హీరోతో సహా గోడలోకి మడుచుకుపోతుంది, ఆమె పని అక్కడితో సరి. మళ్లీ 2006లో బాండ్ వాళ్లు గుర్తుపెట్టుకుని పిలిచారు. ఈసారి పేకాట బల్ల దగ్గర కుర్చీ ఇచ్చారు. మంచం నుంచి కుర్చీకి ముప్పై తొమ్మిదేళ్లు. మా ఆఫీసులో ప్రమోషన్లతో పోలిస్తే మరీ ఆలస్యమేమీ కాదు.

జోహ్రా సెహగల్ అయితే ఉదయ్ శంకర్ నాట్య బృందంలో ప్రపంచం తిరిగి, పృథ్వీ థియేటర్లో పద్నాలుగేళ్లు నటించి, 1962లో యాభయ్యో ఏట లండన్ వెళ్లింది. 1964లో బీబీసీ వాళ్లు "డాక్టర్ హూ" అనే టీవీ సీరియల్లో మార్కో పోలో కథ తీస్తూ ఆవిడకు పరిచారిక వేషం ఇచ్చారు. మంగోలు చక్రవర్తి కుబ్లాయ్ ఖాన్ వేషానికి మాత్రం యూరప్‌లో పుట్టిన మార్టిన్ మిల్లర్ సరిపోయాడు. చెప్పుకోదగ్గ పాత్ర, లేడీ చటర్జీ, 1984లో టీవీ సీరియల్లో వచ్చింది. అప్పటికి ఆవిడకు డెబ్బై ఒక్కేళ్లు. నూటరెండేళ్లు బతికింది కాబట్టి సరిపోయింది. మామూలు ఆయుర్దాయం ఉన్నవాళ్లు ఈ వృత్తిలోకి దిగేముందు ఆలోచించుకోవాలి.

మగవాళ్ల ముచ్చట ఒక్కటి చెప్పి వదిలేస్తాను. 1974లో బీబీసీ కామెడీ సీరియల్ ఒకదానికి రంగీ రామ్ అనే భారతీయుడు కావాల్సొచ్చింది. ఝాన్సీలో పుట్టి, ఉర్దూ చక్కగా మాట్లాడే మైకేల్ బేట్స్‌ను తీసుకున్నారు. తెల్లవాడు కనుక మొహానికి గోధుమరంగు పూశారు. బొంబాయి మొహానికి తెలుపు, ఝాన్సీ మొహానికి గోధుమ. రంగుల షాపు వాడు బాగుపడ్డాడు.

మనం ఈ విషయంలో ఎక్కువ నోరెత్తకపోవడమే మంచిది. పెరటి చెట్టు మందుకు పనికిరాదని మన సినిమావాళ్లు ఎప్పుడో తీర్మానించుకున్నారు. 2014లో "ఎవడు"లో ఒక హీరోయిన్‌గా బ్రిటిష్ దీవి ఐల్ ఆఫ్ మ్యాన్‌లో పుట్టిన ఎమీ జాక్సన్ వచ్చింది. మొహం అక్కణ్ణుంచి, గొంతు ఇక్కణ్ణుంచి. తెలుగొచ్చిన అమ్మాయి ఏదో హాస్టల్లో కూర్చుని ఆడిషన్ వీడియోలు పంపుతూనే ఉంది.

మళ్లీ మెర్ల్ దగ్గరకొస్తాను. 1978లో ఆవిడ టాస్మానియా రాజధాని హోబార్ట్ వెళ్లింది. మా ఆడపడుచు వచ్చిందని లార్డ్ మేయర్ విందు ఇచ్చాడు. రిజిస్టర్లలో ఎంత వెతికినా ఆమె పుట్టుక దొరకలేదు. మరుసటి ఏడాది ఆమె పోయింది. బొంబాయి సంగతి 1983లో వచ్చిన జీవితచరిత్రతో లోకానికి తెలిసింది. టాస్మానియాలో కొందరు మాత్రం ఒప్పుకోలేదు. సెయింట్ హెలెన్స్ ఊరివాళ్లు తమ కథ తాము చెప్పుకుంటూనే ఉన్నారు: మెర్ల్ మా ఊళ్లోనే పుట్టింది, హోటల్లో పనిచేసే అమ్మాయికి పుట్టింది. ఇంతకీ ఆ అమ్మాయి ఎవరంటే, చైనా నుంచి వచ్చినవాళ్ల పిల్ల.