గీత దాటిన కలాసీ: భద్రతా సిద్ధాంతం ముందు న్యాయం ఎందుకు ఓడుతోంది?

2018 నవంబరులో గుజరాత్‌లోని వేరావల్ నుంచి వేటకు వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులను అరేబియా సముద్రంలో పాకిస్థాన్ గస్తీ దళం పట్టుకుంది. వారిలో 20 మంది 2020 జనవరి 6న వాఘా దగ్గర సరిహద్దు దాటారు. మధ్యలో పదమూడు నెలలు కరాచీ జైలు. ప్రపంచ న్యాయం, భద్రత గురించిన సిద్ధాంతాలను పరీక్షించడానికి శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల మండలం మత్స్యలేశం తీరం కంటే తగిన చోటు లేదు.

ముందు సముద్రంలో జరిగేది చూద్దాం. నీటి మీద దేశాల సరిహద్దు గీత కనిపించదు. బోటు నాయకుడైన తండేలు జీపీఎస్ చూసి బోటు నడుపుతాడు. వల నీళ్లలో ఉండగా ఇంజన్ మొరాయిస్తే పోటు ఎటు లాగితే అటే ప్రయాణం. కలాసీలు, అంటే బోటులో కూలికి పనిచేసేవాళ్లు, వల లాగుతారు, చేప ఏరుతారు, ఐసులో సర్దుతారు. బోటు ఏ అక్షాంశంలో ఉందో వాళ్లకు చెప్పేవారుండరు. కేసు మాత్రం అందరి మీదా పడుతుంది. పైగా అక్కడి గీత రెండు దేశాలూ ఒప్పుకున్నది కాదు. గుజరాత్, సింధ్‌ల మధ్య ఉన్న 96 కిలోమీటర్ల సముద్రపు పాయ సర్ క్రీక్‌లో ఎవరి హద్దు ఎక్కడన్నది తేలలేదు. నేల మీద చివరి బిందువు తేలనిదే సముద్రంలో గీత మొదలుపెట్టే చోటే దొరకదు.

దేశాల మధ్య సంబంధాలను బలం, స్వప్రయోజనాలతో కొలిచే వాస్తవికవాదులకు ఇందులో అన్యాయమేమీ కనిపించదు. రాజ్యం బతికి ఉండటమే వారికి మొదటి విలువ. వారి అనుమానానికి ఆధారం ఉందని ఒప్పుకోవాలి. 2008 నవంబరులో ముంబైపై దాడి చేసినవారు పోర్‌బందర్‌కు చెందిన ‘కుబేర్’ అనే చేపల బోటును హైజాక్ చేసే తీరం దగ్గరికి వచ్చారు. అందుకే చేపల బోటును ఆపి సోదా చేయడం తప్పనిసరి. అయితే సోదాలో వల, ఐసు, చేప తప్ప మరేమీ దొరకని మనిషిని ఏడాది పైగా బంధించడానికి ఆ కారణం చాలదు. భద్రతా అధ్యయనాల్లో కోపెన్‌హాగన్ వర్గంగా పేరుపడిన పండితులు ఓలే వేవర్, బారీ బుజాన్ వివరించింది ఈ జారుడునే: ఒక విషయాన్ని ‘భద్రతా సమస్య’ అని ప్రకటించి సమాజాన్ని ఒప్పించగలిగితే, మామూలు నియమాలను పక్కన పెట్టే వీలు రాజ్యానికి దొరుకుతుంది.

ఆ మామూలు నియమం రాసే ఉంది. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందం 73వ అధికరణ ప్రకారం, తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల వరకు ఉండే ప్రత్యేక ఆర్థిక మండలంలో చేపల వేట ఉల్లంఘనకు జైలు శిక్ష వేయకూడదు, సంబంధిత దేశాల మధ్య వేరే ఒప్పందం ఉంటే తప్ప. సముచితమైన పూచీకత్తు తీసుకుని బోటునూ సిబ్బందినీ త్వరగా వదిలేయాలి. ఒప్పందంలో రెండు దేశాలూ సభ్యులే. మన 1981 చట్టం కూడా విదేశీ బోటు ఆర్థిక మండలంలో దొరికితే జరిమానాతో ఆగుతుంది. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల లోపు ప్రాదేశిక జలాల్లో దొరికితేనే మూడేళ్ల వరకు జైలు అంటుంది.

మరి నియమం ఎక్కడ విఫలమవుతోంది? మొదటిది, 73వ అధికరణ రక్షణ ప్రాదేశిక జలాలకు వర్తించదు. రెండోది, వేట చట్టం బదులు అక్రమ ప్రవేశం కింద కేసు పెడితే దాన్ని దాటేయవచ్చు. మూడోది నన్ను ఎక్కువగా బాధించేది: అదే ఒప్పందం 292వ అధికరణ కింద త్వరిత విడుదల కోరే హక్కు బోటు ఏ దేశపు జెండా ఎగరేస్తుందో ఆ దేశానిదే. కలాసీగానీ, ఇంటి దగ్గర ఎదురుచూసే అతని భార్యగానీ అడగలేరు.

ఇక్కడే న్యాయ సిద్ధాంతాల పోరు మొదలవుతుంది. అమెరికన్ తత్వవేత్త జాన్ రాల్స్ వాదన ప్రకారం ఒక సమాజపు బాగోగులు ప్రధానంగా దాని సొంత సంస్థల మీద ఆధారపడతాయి. ఇందులో సగం నిజం మన జిల్లాలో కనిపిస్తుంది: 193 కిలోమీటర్ల తీరమున్నా ఏళ్ల తరబడి పెద్ద బోట్లకు హార్బరు లేకపోబట్టే వలస. అది మన ప్రభుత్వాల బాధ్యత. కానీ పట్టుబడిన క్షణం నుంచి కలాసీ బతుకును నిర్ణయించేది దేశాల మధ్య నడిచే వ్యవస్థే. న్యాయానికి అంతిమ కొలమానం దేశం కాదు, వ్యక్తి అనే తత్వవేత్తలు థామస్ పోగీ, చార్లెస్ బైట్జ్‌ల మాట అక్కడ నెగ్గుతుంది. 1994 మానవాభివృద్ధి నివేదికలో మానవ భద్రత (రాజ్యానికే కాదు, మనిషికీ భద్రత) భావనను ముందుకు తెచ్చిన మహబూబ్ ఉల్ హక్ పాకిస్థానీ ఆర్థికవేత్తే. ఆ భావనను ఇస్లామాబాద్ ముందు పెట్టే హక్కు మనకుంది, మన జైళ్లలోని వారి జాలర్ల విషయంలో మనమూ పాటిస్తేనే.

భారత్, పాకిస్థాన్‌ల 2008 ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జులై 1న ఖైదీల జాబితాలు మార్చుకుంటారు. 2025 జులై 1 జాబితాల్లో పాకిస్థాన్ చూపిన భారత జాలర్లు 193 మంది; భారత్ చూపిన పాక్ జాలర్లు 81 మంది. అరెస్టయిన మూడు నెలల్లో దౌత్యాధికారి కలవాలి, జాతీయత నిర్ధారణ, శిక్ష రెండూ పూర్తయ్యాక నెలలో పంపేయాలి. ఆచరణలో శిక్ష ముగిసినా ఇరు దేశాల సంబంధాలు బాగుపడేదాకా ఆగాల్సి వస్తోంది.

వేరే దారి ఉంది. 2024 చివర్లో పరస్పరం పట్టుకున్న జాలర్లను భారత్, బంగ్లాదేశ్ 2025 జనవరి 5న మార్చుకున్నాయి: 95 మంది ఇటు, 90 మంది అటు. కోస్ట్‌గార్డులు సముద్ర సరిహద్దు మీదే, బోట్లతో సహా అప్పగించాయి. బంగాళాఖాతంలో గీతను 2014లోనే మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్ తేల్చింది. అరెస్టులు ఆగలేదు గానీ తిరుగు ప్రయాణం నెలల్లో ముగిసింది. అరేబియా సముద్రంలోనూ సోదా, ఫొటో, వేలిముద్ర, హెచ్చరిక, గీత మీద అప్పగింత అనే క్రమానికి రెండు దేశాలూ ఒప్పుకోవాలి. సర్ క్రీక్ తేలేదాకా ఆగనక్కర్లేదు. ఈలోగా శ్రీకాకుళం, విజయనగరం మత్స్యశాఖలు వేరావల్ వెళ్లే ప్రతి కలాసీ ఫొటో, ఆధార్ నకలు, బోటు నంబరు, యజమాని ఫోను మండలంలో ముందే నమోదు చేసి ఉంచితే, జాతీయత నిర్ధారణ కోసం కాగితం కరాచీ నుంచి ఢిల్లీ మీదుగా ఊరికి వచ్చిన రోజే జవాబు వెళ్తుంది.