నివేదిక ఇచ్చేస్తే పని అయిపోదు

1985 అక్టోబరులో కొలంబియా శాస్త్రవేత్తలు ఒక మ్యాప్ తయారుచేసి ఇచ్చారు. నెవాడో డెల్ రూయిజ్ అగ్నిపర్వతం పేలితే శిఖరం మీద పేరుకున్న మంచు కరిగి, బురద వరదగా మారి, ఏ లోయల్లోంచి వచ్చి ఏ ఊళ్ల మీద పడుతుందో అందులో గీసి చూపించారు. సరిగ్గా ఆ దారిలోనే ఉంది అర్మేరో పట్టణం. జనాన్ని అనవసరంగా బెదరగొడుతున్నారంటూ ఆ మ్యాప్ మీద విమర్శలు వచ్చాయి. నవంబరు 13 రాత్రి 9 దాటాక అగ్నిపర్వతం పేలింది. బురద అర్మేరో చేరడానికి రెండు గంటలకు పైగా పట్టింది. దగ్గర్లోని మెరక మీదికి నడిచి వెళ్లడానికి ఆ సమయం సరిపోయేది. ఊరు వదలమన్న మాట మాత్రం జనానికి సరిగ్గా అందలేదు. ఆ రాత్రి 20 వేల మందికి పైగా చనిపోయారు.

శాస్త్రం అక్కడ తప్పలేదు. గీసి చూపిన దారినే బురద వచ్చింది. తెగిపోయింది మ్యాప్‌కూ ఆదేశానికీ మధ్య. ఏ సంకేతం కనిపిస్తే ఊరు ఖాళీ చేయించాలి? ఆ మాట ఎవరు చెప్పాలి? తీరా ఖాళీ చేయించాక ఏమీ జరక్కపోతే ఆ ఖర్చు, ఆ నింద ఎవరు మోయాలి? వీటికి ముందుగా జవాబులు సిద్ధం చేసుకోలేదు. హెచ్చరిక ఉత్తదని తేలితే వచ్చే నష్టానికి జంకి అధికారులు ఆగిపోయారు. ఆ జవాబులు రాబట్టడం కూడా భూశాస్త్రవేత్తల పనేనని మేము గట్టిగా నమ్ముతున్నాం. కొలవడం, గీయడం, రిపోర్టు రాసి పంపడం వరకే తమ పని, ఆపైన ప్రభుత్వం ఇష్టం అని వాళ్లు అనుకున్నచోటే చాలా ప్రాణాలు పోయాయి.

ఆరేళ్లు తిరక్కుండానే మరో అగ్నిపర్వతం దగ్గర పని ఇంకోలా జరిగింది. ఫిలిప్పీన్స్‌లోని పినటుబో సుమారు 500 ఏళ్లుగా పేలలేదు. 1991 ఏప్రిల్‌లో దాని మీద ఆవిరి పేలుళ్లు మొదలయ్యాయి. రేముండో పునోంగ్‌బాయన్ నాయకత్వంలోని ఫిలిప్పీన్స్ అగ్నిపర్వత సంస్థ శాస్త్రవేత్తలు, అమెరికా భూగర్భ సర్వే నుంచి వచ్చిన బృందం కలిసి భూప్రకంపనలు కొలిచే సీస్మోమీటర్లు పెట్టారు, పాత పేలుళ్ల పొరలు తవ్వి చూశారు. అంతవరకు ఏ శాస్త్రవేత్తయినా చేసేదే. వాళ్లు ఇంకో పని కూడా చేశారు. అధికారుల కోసం ఐదు మెట్ల హెచ్చరిక పద్ధతి తయారుచేశారు. మూడో మెట్టు అంటే ఇదే ధోరణి కొనసాగితే రెండు వారాల్లో పేలవచ్చు. నాలుగు అంటే 24 గంటల్లో. గ్యాస్ ఎంత, ప్రకంపనలు ఎన్ని అన్న లెక్కలు మిలిటరీ కమాండర్‌కో గవర్నర్‌కో అర్థం కానక్కర్లేదు. ఏ మెట్టు దగ్గర తాను ఏం చేయాలో తెలిస్తే చాలు.

అప్పటికీ నమ్మనివాళ్లు ఉన్నారు. వాళ్ల కోసం వీడియో తెప్పించారు. వేడి బూడిద మేఘం కొండ మీంచి ఎలా దూకుతుందో, బురద ఊరిని ఎలా ముంచుతుందో చూపించే ఆ దృశ్యాలను ఫ్రాన్స్‌కు చెందిన అగ్నిపర్వత శాస్త్రవేత్తలు మోరిస్, కాత్యా క్రాఫ్ట్ దంపతులు తీశారు. అధికారులకు, చుట్టుపక్కల జనానికి వాటిని వేసి చూపించారు. పేజీలకు పేజీల రిపోర్టు చేయలేని పని ఆ వీడియో చేసింది. ఆ ఏడాది జూన్ 3న జపాన్‌లోని ఉన్‌జెన్ అగ్నిపర్వతం దగ్గర అలాంటి బూడిద మేఘంలోనే ఆ దంపతులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. జూన్ 10న పినటుబో దగ్గరున్న అమెరికా క్లార్క్ వైమానిక స్థావరం ఖాళీ అయింది. వేలాది పల్లె జనం కొండ దిగారు. 15న పినటుబో పేలింది. అదే సమయానికి తుపాను కూడా రావడంతో బూడిద తడిసి, ఆ బరువుకు కప్పులు కూలి వందల మంది చనిపోయారు. ఖాళీ చేయించకపోతే కనీసం మరో 5 వేల ప్రాణాలు పోయేవని ఆ తర్వాత అంచనా వేశారు.

అలా ఆపద ముంచుకొచ్చినప్పుడు ప్రభుత్వాలు శాస్త్రవేత్తలను పిలిపించుకుంటాయి. కష్టమంతా ఆపద కనిపించని రోజుల్లోనే. ఆ విషయంలో లాస్ ఏంజెలెస్ అనుభవం మాకు ఎంతో విలువైనదిగా కనిపిస్తోంది. 1994 నార్త్‌రిడ్జ్ భూకంపంలో కింద కారు పార్కింగ్, పైన ఫ్లాట్లు ఉన్న ఒక చెక్క భవనం కూలి 16 మంది చనిపోయారు. అలాంటి భవనాలు ఆ నగరంలో వేలల్లో ఉన్నాయి. వాటి బలహీనత ఇంజినీర్లకు తెలుసు, నగర అధికారులకూ తెలుసు. 20 ఏళ్లు గడిచినా వాటిని బలపరచి తీరాలన్న చట్టం రాలేదు. 2014లో భూకంప శాస్త్రవేత్త లూసీ జోన్స్‌ను అమెరికా భూగర్భ సర్వే ఏడాది పాటు మేయర్ ఎరిక్ గార్సెటీకి సలహాదారుగా పంపింది. ఆమె అక్కడ భూకంపం ఎప్పుడొస్తుందన్న చర్చతో పొద్దు గడపలేదు. మూడే విషయాలు పట్టుకున్నారు: పాత భవనాలు, తాగునీరు, ఫోన్లు. నగరానికి బయటి నుంచి నీళ్లు తెచ్చే కాలువలన్నీ సాన్ ఆండ్రియాస్ ఫాల్ట్‌ను, అంటే భూమి పొరలు కదిలే పెద్ద పగులును, దాటే రావాలి. అది కదిలితే కాలువలు తెగుతాయి, మంటలు ఆర్పడానికి కూడా నీళ్లుండవు. ఈ మాట మేయర్‌కు, కౌన్సిలర్లకు ఫాల్ట్ పొడవు, తీవ్రత లెక్కల కన్నా సూటిగా తగిలింది.

ఆ ఏడాదిలో ఆమె ఎక్కువగా కూర్చున్నది శాస్త్రవేత్తలతో కాదు. ఇళ్ల యజమానులతో, అద్దెకున్నవాళ్లతో, ఇంజినీర్లతో మాట్లాడారు. డబ్బు ఎవరు పెట్టాలన్న ప్రశ్న భూకంప శాస్త్రంలోది కాదు. కానీ దానికి జవాబు దొరక్కుండా చట్టం రాదు. 2015 అక్టోబరులో నగరం చట్టం చేసింది. సుమారు 13,500 చెక్క భవనాలను బలపరచడానికి ఏడేళ్లు, పాత కాంక్రీటు భవనాలకు 25 ఏళ్లు గడువిచ్చింది. మరుసటి ఏడాది ఖర్చులో సగం యజమాని, సగం అద్దెదారు భరించేలా, అద్దె పెంపు మీద పరిమితితో నిర్ణయం తీసుకుంది. ఇందులో కొత్తగా కనిపెట్టిన సైన్స్ లేదు. ఉన్న సైన్స్‌ను పట్టుకుని ఒక నిపుణురాలు నగర పాలన మధ్యలో ఏడాది కూర్చున్నారు, అంతే.

భూశాస్త్రవేత్తలు దేశ రాజధాని వైపే చూస్తుంటారు. నేల మీద ఏం కట్టాలో, ఏం తవ్వాలో తేలేది మాత్రం చాలావరకు నగర, జిల్లా ఆఫీసుల్లోనే. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఓసో దగ్గర కొండ భారీగా విరిగిపడే ప్రమాదం ఉందని 1999లోనే ఒక భూరూప శాస్త్రవేత్త రాశారు. ఆ రిపోర్టు కోరిన సంస్థ ఒకటి, ఇళ్లకు పర్మిషన్లు ఇచ్చేది ఇంకొకటి. 2006లో అదే కొండ మరోసారి జారింది. ఆ తర్వాత కూడా అక్కడ ఇళ్లు లేచాయి. 2014 మార్చి 22న కొండ కూలి 43 మంది చనిపోయారు. రిపోర్టు ఎవరు అడిగారో వాళ్లకు ఇచ్చి ఊరుకోవడం కాదు, పర్మిషన్ ఫైలు ఏ టేబుల్ మీద ఉందో అక్కడికి చేర్చాలి. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. ప్రాణాలు ఆధారపడింది దాని మీదే.

సమయం సంగతీ అంతే. బడ్జెట్ సంతకమయ్యాక వచ్చే మంచి సలహా మళ్లీ ఏడాది దాకా అక్కరకు రాదు. గనుల నిబంధనలకో భవన నిర్మాణ నియమాలకో ముసాయిదా విడుదల చేసి అభిప్రాయాలు అడిగిన ఆ కొద్ది వారాల్లో పరిశ్రమల తరఫు లాయర్లు తప్పక రాస్తారు. యూనివర్సిటీల నుంచి వచ్చే ఉత్తరాలు తక్కువ. ఒక్క పేజీ చాలు. ఏ నిబంధన, ఎందుకు మార్చాలి, మారిస్తే ఎంత ఖర్చు, మార్చకపోతే ఎంత నష్టం అని అందులో ఉండాలి. అమెరికాలోని కెంటకీ రాష్ట్రం 1960 నుంచి 1978 వరకు మొత్తం భూభాగానికి వివరమైన భూగర్భ మ్యాపులు వేయించింది. ఆ మ్యాపులు వాడేవాళ్లను అడిగి 2000లో ఆర్థికవేత్తలు లెక్కగడితే, పెట్టిన ఖర్చుకు కనీసం 25 నుంచి 39 రెట్లు విలువ తిరిగొచ్చిందని తేలింది. శాసనసభ్యుడి ముందు నేల పొరల గొప్పతనం గురించి గంట మాట్లాడేకన్నా ఇలాంటి ఒక్క లెక్క పెట్టడం మేలు.

ప్రభుత్వానికి దగ్గరైతే శాస్త్రవేత్త తన స్వతంత్రత పోగొట్టుకుంటాడన్న భయం ఉంది. అది అర్థంలేని భయం కాదు. 2009లో ఇటలీలోని లాక్విలాలో నెలల తరబడి చిన్న ప్రకంపనలు వస్తున్నాయి. మార్చి 31న నిపుణుల కమిటీ సమావేశమైంది. అంతకుముందే పౌర రక్షణ విభాగం ఉప అధిపతి టీవీతో మాట్లాడుతూ ప్రమాదమేమీ లేదని, శక్తి కొద్దికొద్దిగా బయటికి పోవడం మంచిదేనని నిపుణులు చెబుతున్నట్టు అన్నారు. దానికి భూకంప శాస్త్రంలో ఆధారం లేదు. నిపుణులు గట్టిగా బయటికొచ్చి ఖండించలేదు. ఏప్రిల్ 6న వచ్చిన భూకంపంలో 309 మంది చనిపోయారు. 2012లో ఆరుగురు శాస్త్రవేత్తలకు, ఆ అధికారికి ఆరేళ్ల చొప్పున జైలు శిక్ష పడితే ప్రపంచమంతా ఉలిక్కిపడింది. 2014లో అప్పీలు కోర్టు శాస్త్రవేత్తలను నిర్దోషులుగా వదిలేసి, అధికారి శిక్షను రెండేళ్లకు తగ్గించింది. భూకంపాన్ని ముందే చెప్పలేకపోయినందుకు శిక్ష వేశారని అప్పట్లో జరిగిన ప్రచారం నిజం కాదు. వివాదమంతా జనానికి ఇచ్చిన భరోసా చుట్టూనే నడిచింది. అందుకే సలహా రాతపూర్వకంగా ఉండాలి. ఏం తెలుసో, ఏం తెలియదో శాస్త్రవేత్తే తన నోటితో చెప్పాలి. తన పేరు మీద ఇంకొకరు తప్పు చెబితే ఆ రోజే సరిదిద్దాలి.

మాట రాతలో ఉండటం వల్ల ఇంకో మేలూ ఉంది. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ గ్యాస్ క్షేత్రంలో తవ్వకాల వల్లే భూమి కంపిస్తోందని తెలిశాక, 2012 ఆగస్టులో 3.6 తీవ్రతతో వచ్చిన కుదుపు తర్వాత, ఉత్పత్తిని వీలైనంత త్వరగా, వీలైనంత ఎక్కువగా తగ్గించాలని గనుల పర్యవేక్షణ సంస్థ 2013 జనవరిలో సలహా ఇచ్చింది. ప్రభుత్వం వినలేదు. పైగా ఆ ఏడాది ఉత్పత్తి దాదాపు 5,400 కోట్ల ఘనపు మీటర్లకు పెరిగింది. ఖజానాకు వచ్చే డబ్బు ముందు పగుళ్లు పడ్డ ఇళ్లు చిన్నవైపోయాయి. కానీ ఆ సలహా కాగితం మీద ఉంది, జనానికి తెలుసు. పదేళ్లకు పార్లమెంటు విచారణ కమిటీ గ్రోనింగెన్ ప్రజల ప్రయోజనాలను ఒక పద్ధతి ప్రకారం పట్టించుకోలేదని తేల్చింది. 2023 అక్టోబరు 1న ఉత్పత్తి ఆగింది. పదేళ్లు చాలా ఎక్కువ. ఆ కాగితం లేకపోతే ఇంకెన్నేళ్లు పట్టేదో.

డబ్బు ఎవరిదన్న ప్రశ్నను కూడా భూశాస్త్రవేత్తలు తప్పించుకోలేరు. ఈ రంగంలో ఉద్యోగాలు, పరిశోధన నిధులు చాలావరకు చమురు, గనుల కంపెనీల నుంచే వస్తాయి. అది దాచాల్సిన విషయం కాదు, సలహా ఇచ్చే ముందే చెప్పాల్సిన విషయం. భూమి వయసు 455 కోట్ల ఏళ్లని 1956లో తేల్చిన భూరసాయన శాస్త్రవేత్త క్లేర్ ప్యాటర్సన్, ఆ పనిలో సీసాన్ని కొలుస్తూ కొలుస్తూ, గాలిలో, నీళ్లలో, మనుషుల ఒంట్లో పెట్రోలులో కలిపే సీసం ఎంతగా పేరుకుందో చూశారు. 1965లో ఆ మాట రాశారు, 1966లో అమెరికా సెనేట్ ఉపసంఘం ముందు చెప్పారు. పరిశ్రమ నిధులు పోయాయి. గాలిలోని సీసం మీద 1971లో రిపోర్టు రాసిన జాతీయ పరిశోధన మండలి బృందంలో ఆయనకు చోటు దక్కలేదు. అయినా ఆయన వదల్లేదు. రోడ్డు వాహనాలకు సీసం కలిపిన పెట్రోలు అమ్మకం 2021 నాటికి ప్రపంచమంతటా ఆగిపోయింది. ప్రభుత్వానికి నచ్చని మాట చెప్పే శాస్త్రవేత్త పక్షపాతి అయిపోడు. కొలతను దాచిపెట్టి ఊరుకున్నవాడే ఏదో ఒక పక్షం తీసుకున్నట్టు.

ఒంటరిగా ఇంతటి భారం మోయమని ఎవరినీ అడగలేం. అమెరికాలో 1973 నుంచి శాస్త్రవేత్తలను ఏడాది పాటు చట్టసభ సభ్యుల ఆఫీసుల్లో పనికి పంపుతున్నారు. బ్రిటన్‌లో 1989లో ఏర్పడిన పార్లమెంటరీ సైన్స్ ఆఫీసు పీహెచ్‌డీ విద్యార్థులను కొన్ని నెలలు తీసుకుని సభ్యుల కోసం క్లుప్త నోట్సు రాయిస్తుంది. ఇవి ప్రతి దేశంలోనూ ఉండాలి. యూనివర్సిటీలు కూడా ప్రమోషన్ల దగ్గర పేపర్ల సంఖ్యతో పాటు ఇలాంటి సేవను లెక్కలోకి తీసుకోవాలి. ఉద్యోగం నిలుస్తుందో లేదోనన్న టెన్షన్‌లో ఉన్న యువ పరిశోధకులు లాభం లేని పనికి ఏడాది ఇవ్వరు, ఇవ్వమనడం న్యాయమూ కాదు.

ప్రభుత్వాలు చేయాల్సింది ఇంకా ఎక్కువ. భూమికి సంబంధించి ప్రజాధనంతో తయారైన ప్రతి ప్రమాద నివేదిక నిర్ణీత గడువులో బయటికి రావాలి. సలహాను పాటించకపోతే ఎందుకు పాటించలేదో మంత్రి సంతకంతో చట్టసభ ముందు పెట్టాలి. కొండవాలు మీద, నదీ తీరాన, ఫాల్ట్ పక్కన కట్టే ఏ ప్రాజెక్టుకైనా అనుమతి ఇచ్చే కమిటీలో, ఆ ప్రాజెక్టు కంపెనీ నుంచి జీతం తీసుకోని భూశాస్త్రవేత్త ఒకరు ఉండాలి. ఆ వ్యక్తి అభ్యంతరం చెబితే అది సమావేశం మినిట్స్‌లో అక్షరం మారకుండా నమోదు కావాలి.