గీతలు గీస్తే పార్కింగ్ అయిపోతుందా?

ఒడిశాలోని పర్లాకిమిడి బజారుకి, సరిహద్దు దాటి ఆంధ్రాలోని పాతపట్నం నుంచీ జనం వస్తారు. ఓడీ-20, ఏపీ-39 నంబరు ప్లేట్ల బళ్ళు పక్కపక్కనే నిలుస్తాయి. బళ్ళకి లేని సరిహద్దు ఆఫీసులకేనా? మోటారు వాహనాల చట్టం, 1988, సెక్షన్ 117 పార్కింగ్ చోట్లని స్థానిక సంస్థతో సంప్రదించి నిర్ణయించమంటుంది. పక్క ఊరినీ అడగమని అందులో లేదు, సరే. అడిగితే తప్పా?

కారుకి 2.5 మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు కావాలి. రోడ్డుకి లంబంగా పెడితే వెనక్కి తీసి తిప్పుకోడానికి ఇంకో 6 మీటర్లు. అది వదలకుండా గడులు గీస్తే ఒక్క కారు బయటపడేదాకా సందంతా ఆగాల్సిందే. అదే గడిలో 5 బైకులు పడతాయి, ఒక్కోదానికి 1 మీటరు, 2 మీటర్ల లెక్కన. బైకులకి వేరే గడి లేకపోతే ఏమవుతుంది? ఒక్కటి వంకరగా నిలబడితే చాలు, కారు చోటు గోవిందా!

పైగా పొద్దున్నే ముందు వరసంతా షాపులవాళ్ళ సొంత బళ్ళే. అక్కడ గంటకింత అని రుసుము పెట్టి, దూరంగా రోజంతా ఉచితం అంటే అవే కదులుతాయి. ఆ దూరపు స్థలం సరిహద్దుకి ఏ పక్కనుంటే ఏం, ఆటోలు తిరిగితే చాలు. బోర్డులు మాత్రం ఒడియాలోనూ తెలుగులోనూ రాయండి బాబూ, చదవలేనివాడికి జరిమానా వేసి ఏం లాభం?