ఆదోనికీ ఒక మాట కావాలి

2025 జూన్‌లో ఆదోని చుట్టుపక్కల పత్తి విత్తిన రైతు తనదైన లెక్క వేసుకునే విత్తాడు. అప్పటికి విదేశీ పత్తి మన రేవుల్లో దిగాలంటే 11 శాతం సుంకం కట్టాలి. 2021 ఫిబ్రవరి బడ్జెట్‌లో వచ్చిన సుంకమిది. రైతుకు దాని సంగతి తెలియకపోవచ్చు, కానీ యార్డులో వేలం పాటలో పలికే ధరలో అది కలిసే ఉంటుంది. ఆ ఏడాది ఆగస్టు 19 నుంచి కేంద్రం ఆ సుంకాన్ని ఎత్తేసింది. మొదట సెప్టెంబరు 30 వరకే అన్నారు. ఆ గడువు రాకముందే డిసెంబరు 31 దాకా పొడిగించారు. కాయ పగిలి, కూలీలు మొదటి తీత, రెండో తీత తీసి, బోరేలకెత్తి యార్డుకు తెచ్చే నెలలు సరిగ్గా అవే.

అమెరికా మన సరుకులపై ఆగస్టు 27 నుంచి 50 శాతం సుంకం వేసింది. బట్టల మిల్లులు, గార్మెంట్ ఫ్యాక్టరీలు దెబ్బతిన్నాయి. వాటికి ముడిపత్తి చవగ్గా అందాలన్నది కేంద్రం ఆలోచన. ఆ ఫ్యాక్టరీల్లో పనిచేసేది కూడా మన పేదింటి ఆడపిల్లలే. వాళ్లకు ఊరట ఇవ్వొద్దని మేము అనం. మేము అడిగేది ఒక్కటే. విత్తిన రోజున ఉన్న సుంకం గోడను ఏరే రోజున తీసేస్తే, ఆ గోడను నమ్ముకుని విత్తనాలు, మందులు అప్పుకు తెచ్చిన రైతుకు జవాబు ఎవరు చెప్పాలి?

ఇది చదివి, విదేశీ వ్యాపారం వద్దంటున్నారని ఎవరైనా అనుకుంటే పొరపాటు. రాయలసీమ వ్యాపారం మీద బతికిన నేల. వజ్రకరూరు, రామళ్లకోట ప్రాంతాల్లో వజ్రాలు దొరికేవి, గుర్రాలు మాత్రం పుట్టేవి కావు. విజయనగర రాజులు అరబ్బుల దగ్గర, తర్వాత పోర్చుగీసుల దగ్గర గుర్రాలు కొన్నారు. ఈనాటికీ ఉమ్మడి కడప జిల్లా మంగంపేట ముగ్గురాయి ఓడలెక్కి గల్ఫ్‌కూ అమెరికాకూ పోతోంది. చమురు బావి తవ్వేటప్పుడు లోపలి నుంచి తన్నుకొచ్చే ఒత్తిడిని అదిమిపెట్టడానికి బావిలోకి బరువైన బురద దింపుతారు. ఆ బురదకు బరువిచ్చేది ముగ్గురాయి పొడి. మనకు చమురు చాలదు, వాళ్లకు ముగ్గురాయి చాలదు. ఇచ్చిపుచ్చుకుంటే ఇద్దరికీ పని జరుగుతుంది.

లేనిది తెచ్చుకోవడం సరే, మనమూ చేయగలిగినదాన్ని బయటి నుంచి ఎందుకు కొనాలి అన్న ప్రశ్న వస్తుంది. దీనికి 1817లోనే డేవిడ్ రికార్డో అనే ఇంగ్లండ్ ఆర్థికవేత్త సమాధానం చెప్పాడు. ధర్మవరంలో పట్టుచీర నేసే ఆమె ఒకరు ఉన్నారనుకుందాం. చేనులో కలుపు తీయడంలోనూ ఆమె చెయ్యి పక్కింటామె కంటే వేగమే. అయినా ఆమె మగ్గం దిగదు. కలుపుకు పక్కింటామెను కూలికి పిలుస్తుంది. మగ్గం మీద ఒక పూట పోతే పోయే డబ్బు, కలుపు కూలి కంటే చాలా ఎక్కువ కాబట్టి. రెండు పనుల్లోనూ ముందున్నామె కూడా ఒకదాన్ని వదులుకుంటే లాభపడుతుంది, రెండింటిలోనూ వెనకబడినామెకూ పని దొరుకుతుంది. దేశాల మధ్య వ్యాపారానికి మూలం ఇదే.

కానీ ఈ సిద్ధాంతం ఒక పని పోతే మనిషి ఇంకో పనిలోకి సులువుగా మారిపోతాడన్నట్టు మాట్లాడుతుంది. కడప జిల్లా ఒకప్పుడు నీలిమందుకు పేరుమోసింది. మన చేలల్లో పెరిగి, మన ఊళ్ల తొట్లలో ఊరిన నీలి సముద్రాలు దాటి పోయేది. 1897లో జర్మనీకి చెందిన బీఏఎస్‌ఎఫ్ కంపెనీ ఫ్యాక్టరీలో తయారైన నీలిని బజారులోకి దించింది. ఇరవై ఏళ్లు తిరక్కుండానే నీలి సేద్యం కుప్పకూలింది. ఏ రాజూ యుద్ధం చేయలేదు, వానలూ ఆగలేదు. ఎక్కడో ఒక ప్రయోగశాలలో దొరికిన కిటుకు ఇక్కడి తొట్లను ఎండగట్టింది. వ్యాపారం దేశానికి మొత్తంగా లాభమే కావచ్చు. నష్టం మాత్రం ఒక ఊరికి, ఒక పంటకు, ఒక ఇంటికి వస్తుంది. ఆ ఇంటిని చూసుకోవాల్సింది దేశమే.

దేశాల మధ్య నియమాలు పుట్టింది కూడా ఈ అనిశ్చితికి భయపడే. 1930లలో ఒకరిని చూసి ఒకరు సుంకాలు పెంచుకుంటూ పోయి ప్రపంచమంతా మాంద్యంలో మరింత కూరుకుపోయింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక 1947లో జెనీవాలో 23 దేశాలు సుంకాలు, వాణిజ్యంపై ఒక సాధారణ ఒప్పందం (గాట్) చేసుకున్నాయి. వాటిలో మన దేశమూ ఉంది. 1995 జనవరి 1న దాని స్థానంలో ప్రపంచ వాణిజ్య సంస్థ వచ్చింది. ఇప్పుడు అందులో 166 సభ్యులున్నాయి. దాని మొదటి నియమం ఇది: ఒక దేశానికి సుంకం తగ్గిస్తే సభ్యులందరికీ తగ్గించాలి. రెండోది: సుంకం కట్టి లోపలికి వచ్చిన సరుకును దేశీయ సరుకుతో సమానంగా చూడాలి.

మూడోది మాకు అన్నిటికంటే ముఖ్యంగా తోస్తుంది. ప్రతి దేశమూ ఏ సరుకు మీద ఎంతకు మించి సుంకం వేయబోనో ఒక జాబితా రాసిచ్చి కట్టుబడాలి. ఆ హద్దు దాటాలంటే, నష్టపోయే దేశంతో కూర్చుని మాట్లాడాలి, బదులుగా ఇంకో సరుకు మీద రాయితీ ఇవ్వాలి. మాట తప్పితే పరిహారం ఉంటుందన్న మాట. దేశాల మధ్య ఇంత పద్ధతి పెట్టుకున్నాం.

అనంతపురంలో సాయంత్రం పూట ఏ బండి దగ్గరకైనా పోయి ఉగ్గాని, బజ్జీ తీసుకోండి. ఉగ్గానిలో బొరుగులు మన దగ్గర వేయించినవే. ఎర్రగడ్డ, అంటే ఉల్లి, కర్నూలు నుంచి వచ్చి ఉంటుంది. బాండలిలో సలసల కాగే నూనె మాత్రం చాలాచోట్ల పామాయిలే. అది ఇండోనేషియాలోనో మలేసియాలోనో పుట్టింది. ఒకప్పుడు దేశంలో బుడ్డలంటే (వేరుశనగ) అనంతపురం పేరే చెప్పేవారు. ఆ జిల్లా వీధి బండి మీదే ఇప్పుడు బుడ్డల నూనె కరువైంది. దీనికి చాలామంది ప్రపంచ వాణిజ్య సంస్థను తిడతారు. కానీ ఆ జాబితాలో పామాయిల్‌కు మనం రాసిచ్చిన హద్దు 300 శాతం. సోయా నూనెకు మాత్రం 45 శాతమే. మనం నిజంగా వేస్తున్నది ఎంత? ముడి పామాయిల్‌పై 2018 మార్చిలో మూల సుంకమే 44 శాతం. తర్వాత దిగుతూ దిగుతూ సెస్సులతో కలిపినా 5.5 శాతానికి వచ్చింది. 2024 సెప్టెంబరులో ఒక్కసారిగా 27.5 శాతం చేశారు. ఎనిమిది నెలలకే, 2025 మే నెలాఖరులో 16.5 శాతానికి దించారు.

300 శాతం వేయమని మేము అడగడం లేదు. నూనె ప్యాకెట్ ధర పది రూపాయలు పెరిగితే కూలి ఇంట్లో తాలింపు తగ్గుతుందని మాకు తెలుసు. జెనీవాలోని ఆ సంస్థ మన చేతులు కట్టేసిందన్న మాట మాత్రం ఈ విషయంలో నిజం కాదు. సుంకం పెరిగినా, తగ్గినా ఆ నిర్ణయం ఢిల్లీలోనే జరిగింది. ఇలా ఊగే సుంకాన్ని నమ్మి ఏ రైతు వచ్చే ఏడాదికి విత్తనకాయ దాచుకుంటాడు? ఏ నూనె మిల్లు కొత్త మిషను కొంటుంది?

ఎర్రగడ్డ కథ ఇంకా బాధాకరం. 2023 ఆగస్టులో ఉల్లి ఎగుమతిపై 40 శాతం సుంకం వేశారు. డిసెంబరు 8 నుంచి ఎగుమతినే నిషేధించారు. 2024 మేలో నిషేధం తీసేసి, టన్ను 550 డాలర్ల కంటే తక్కువకు అమ్మకూడదని షరతు పెట్టారు. సెప్టెంబరులో ఆ షరతు పోయింది, సుంకం 20 శాతమైంది. 2025 ఏప్రిల్ 1న అదీ పోయింది. ఇరవై నెలల్లో ఇన్ని మార్పులు. ఖరీఫ్ ఎర్రగడ్డ నిల్వకు ఆగదు. యార్డులో కుప్ప పోసి నాలుగు రోజులు కొనేవాడి కోసం ఎదురుచూస్తే అడుగున గడ్డ మెత్తబడి వాసన వస్తుంది. పైన గడ్డ మొలకేస్తుంది. తలుపు మూసినప్పుడల్లా మన సరుకు కొనే దేశం ఇంకో దేశం వైపు తిరుగుతుంది. తలుపు తెరిచామని చెప్పినంత మాత్రాన మర్నాడే వెనక్కి రాదు. 2025 ఆగస్టు, సెప్టెంబరులో కర్నూలు యార్డులో ధర పడిపోయి, రాష్ట్ర ప్రభుత్వం క్వింటా 1,200 రూపాయలకు కొనాల్సి వచ్చింది. ఆ పతనానికి పంట ఎక్కువ రావడం వంటి కారణాలూ ఉన్నాయి. కానీ బయటి బజారు నమ్మకం పోగొట్టుకోవడం చిన్న విషయం కాదు.

కడప జిల్లాలో పండే కేపీ ఉల్లి, అంటే కృష్ణాపురం ఉల్లి సంగతి చూడండి. చిన్న గడ్డ, ఘాటు ఎక్కువ. మన వంటిళ్లలో దీన్ని పెద్దగా వాడరు. మలేసియా, సింగపూర్, థాయిలాండ్ లాంటి దేశాలకు పోవడానికే దీన్ని పండిస్తారు. 2020 సెప్టెంబరులో ఉల్లి ఎగుమతులు ఆపినప్పుడు దీన్నీ ఆపేశారు. ఢిల్లీలో ఉల్లి ధర తగ్గించడానికి ఈ గడ్డ ఎలా పనికొస్తుంది? అక్టోబరులో తప్పు సరిదిద్దుకుని 10,000 టన్నులు చెన్నై రేవు మీదుగా పంపొచ్చని అనుమతిచ్చారు. నిషేధం రాసేముందు మైదుకూరులో ఒక్క రైతుకు ఫోన్ చేసి ఉంటే ఆ నెల పోయేది కాదు.

ప్రపంచ వాణిజ్య సంస్థ వ్యవసాయ ఒప్పందంలో 12వ అధికరణం ఒకటుంది. ఆహార సరుకు ఎగుమతిని ఆపే దేశం, దాన్ని కొనుక్కునే దేశాల పరిస్థితిని ఆలోచించాలి, వీలైనంత ముందుగా తెలియజేయాలి, వాళ్లు అడిగితే మాట్లాడాలి అని అది చెబుతుంది. వర్ధమాన దేశాలకు మినహాయింపు ఉంది, అయితే ఆ సరుకును కొనేదాని కంటే ఎక్కువగా ఎగుమతి చేసే దేశమైతే ఆ మినహాయింపు వర్తించదు. కొనే దేశానికి ముందు చెప్పాలన్న నియమం ఉంది. పండించిన రైతుకు ముందు చెప్పాలన్న నియమం మన చట్టాల్లో ఎక్కడా లేదు.

అంతర్జాతీయ నియమాలన్నీ న్యాయమైనవని మేము చెప్పడం లేదు. మద్దతు ధరలో సబ్సిడీ ఎంతో లెక్కగట్టడానికి ఇప్పటికీ 1986-88 నాటి ధరలనే ప్రమాణంగా తీసుకోవడం అన్యాయం. మరోవైపు ఆ నియమాలే బలహీనుడికి కొంత అండ కూడా. అమెరికా తన పత్తి రైతులకిచ్చే సబ్సిడీల మీద బ్రెజిల్ కేసు వేసి 2005లో గెలిచింది. చివరికి 2014లో అమెరికా 30 కోట్ల డాలర్లు చెల్లించి రాజీ చేసుకుంది. ఆదోని పత్తి ధరను కూడా ఆ సబ్సిడీలే తొక్కిపట్టాయి. కానీ 2019 డిసెంబరు నుంచి ప్రపంచ వాణిజ్య సంస్థ అప్పీళ్ల ధర్మాసనం పనిచేయడం లేదు. కొత్త సభ్యుల నియామకాన్ని అమెరికా అడ్డుకోవడమే కారణం. కింది తీర్పు నచ్చని దేశం ఖాళీగా ఉన్న ఆ ధర్మాసనానికి అప్పీలు చేస్తే కేసు అక్కడే ఆగిపోతుంది.

మరోవైపు దేశాలు విడివిడిగా ఒప్పందాలు చేసుకుంటున్నాయి. మొత్తం వ్యాపారంలో దాదాపు అంతటికీ సుంకాలు తీసేస్తే అలాంటి ఒప్పందాలకు గాట్ 24వ అధికరణం వీలిస్తుంది. ఆసియాన్‌తో, దక్షిణ కొరియాతో మన ఒప్పందాలు 2010 నుంచి, యూఏఈతో 2022 మే నుంచి అమల్లో ఉన్నాయి. 2025 జులైలో బ్రిటన్‌తో సంతకాలయ్యాయి. పెనుకొండ దగ్గర దక్షిణ కొరియా కంపెనీ కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చిందంటే నీళ్లు, భూమి ఒక్కటే కారణం కాదు. తయారైన కారును దిగుమతి చేసుకుంటే భారీ సుంకం పడుతుంది, విడిభాగాలకు తక్కువ పడుతుంది. ఇక్కడ వేల ఉద్యోగాలు రావడానికి ఆ తేడా కూడా ఒక కారణం. ఒప్పందంలో ఒక పంక్తి ఒక ఊరిని మార్చగలదు.

ఆ పంక్తి రాసేటప్పుడు మన ప్రాంతం తరఫున అక్కడ కూర్చునేవారు లేరు. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో కేంద్ర జాబితా 14వ అంశం విదేశాలతో ఒప్పందాలు. రాష్ట్ర జాబితాలో 14వ అంశం వ్యవసాయం. రైతు కష్టనష్టాలు రాష్ట్రం నెత్తిన, సంతకం కేంద్రం చేతిలో. ఒప్పందాన్ని పార్లమెంటు ముందే ఆమోదించాలన్న నిబంధన కూడా లేదు. రాయచోటి, రాజంపేట నుంచి కువైట్ పోయి డ్రైవర్లుగా, ఇంటిపనివాళ్లుగా చేసేవారి కష్టార్జితం మీద ఎన్ని ఇళ్లు లేచాయో మనకు తెలుసు. సేవల ఒప్పందాల్లో మనుషుల రాకపోకలంటే ఎక్కువగా ఇంజినీర్లు, మేనేజర్ల గురించే రాస్తారు. వీళ్ల ఊసు రాదు.

కేంద్రాన్ని మేము అడుగుతున్నాం. పత్తి, నూనెలు, పప్పులు, ఉల్లి మీద ఆ ఏడాది ఎగుమతి, దిగుమతి సుంకాలు ఎంతెంత ఉంటాయో ఏటా ఏరువాక పున్నమిలోగా ప్రకటించండి. కోత అయ్యేదాకా వాటిని కదిలించకండి. నిజంగా అత్యవసరం వచ్చి కదిలించాల్సి వస్తే, నష్టపోయే పరదేశానికి ఇంకో సరుకు మీద రాయితీ ఇస్తున్నట్టే, ఆ సీజన్‌లో విత్తిన రైతుకు ధర తేడా కట్టివ్వండి. రాష్ట్ర ప్రభుత్వం తన వంతుగా ప్రతి కొత్త ఒప్పందంలో మన పంటలకు సంబంధించిన భాగాన్ని తెలుగులో అచ్చువేయించి అసెంబ్లీలో చర్చకు పెట్టాలి. ఆ సుంకాల పట్టికను ఆదోని, కర్నూలు యార్డుల్లో రోజువారీ ధరలు రాసే బోర్డు పక్కనే పెద్ద అక్షరాలతో రాయించాలి. బండి దిగిన రైతు ముందుగా చూసేది ఆ గోడనే.