ముందు ఆటల పీరియడ్ పిల్లలకు వదలండి

బడికో వెల్‌నెస్ కోచ్ ఉంటే పిల్లల తిండీ ఆటా బాగుపడతాయన్న వ్యాసం చదివాను. మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం వైపు. మా పాప సర్కారు హైస్కూల్లో తొమ్మిదో తరగతి.

తిండి ఇవ్వడం లేదని నేను అనను. భోజనం, గుడ్డు, వేరుశనగ చిక్కీ, రాగిజావ అన్నీ ఉన్నాయి. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అయినా పాప వాళ్ల క్లాసులో సగం మంది జావను కొళాయి దగ్గర ఒంపేసేవాళ్లు. ఒక టీచరమ్మ వంటామె పక్కన నిలబడి, పిండిని ముందు చల్లటి నీళ్లలో కలిపించి ఉండలు కట్టకుండా చేయించింది. తర్వాత పిల్లల మధ్యే కూర్చుని తనూ ఒక గ్లాసు తాగడం మొదలుపెట్టింది. నెల తిరిగేసరికి ఒంపేవాళ్లు తగ్గిపోయారు. కోచ్ అంటే అలాంటి మనిషి కావాలి.

వారానికోసారి ఇచ్చే ఐరన్ మాత్రకూ అంతే. ఖాళీ కడుపుతో వేసుకుంటే వికారం పుట్టి పిల్లలు పారేస్తారు. భోజనం చేశాక వేసుకోవాలని, వెంటనే టీ తాగితే ఐరన్ ఒంటికి సరిగా పట్టదని నిదానంగా చెప్పేవాళ్లుండాలి.

నా బాధంతా ఆటల గురించే. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఒళ్లు అలిసేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పాపకు వారంలో ఉన్నవే రెండు ఆటల పీరియడ్లు, రెండూ లెక్కలకే పోతున్నాయి. బళ్లో అడిగితే "పదో తరగతి రిజల్ట్ టెన్షన్ ఇప్పట్నుంచే ఉంటుందమ్మా" అన్నారు. ఆ రెండు పీరియడ్లు ఎవరూ తీసుకోకూడదని ప్రభుత్వం గట్టిగా ఉత్తర్వు ఇవ్వాలి. మా పాప ఖోఖో బాగా ఆడుతుంది. ఈ ఏడాది ఇంకా గ్రౌండులోకే దిగలేదు.