సవరణ: అంతర్ గ్రంథాలయ అరువుకు ఏ ప్రమాణం?

గోదావరి డెల్టా గ్రంథాలయాలు పుస్తకాలు ఇచ్చిపుచ్చుకోవడానికి జెడ్39.50 అనే కంప్యూటర్ ప్రమాణం ఒక్కటే చాలునని గత టపాలో ఉంది. దాన్ని ఇలా సవరించి చదవగలరు. జెడ్39.50 మరో గ్రంథాలయపు కేటలాగులో వెతికి పుస్తక వివరాల రికార్డు తెచ్చిపెట్టే ప్రోటోకాల్ (కంప్యూటర్లు మాట్లాడుకునే నియమావళి) మాత్రమే. అరువు వ్యవహారం వేరు. ఉదాహరణకు, అమలాపురం పాఠకుడి కోసం రాజమహేంద్రవరంలోని గౌతమీ ప్రాంతీయ గ్రంథాలయాన్ని ఒక పుస్తకం అడగడం, అక్కడివారు పంపామనో ఇవ్వలేమనో బదులివ్వడం, గడువు పొడిగించడం, తిరిగి ముట్టినట్టు తెలపడం గ్రంథాలయాల మధ్య అరువు సందేశాలకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 18626 పరిధిలోకి వస్తాయి. పాత ఐఎస్ఓ 10160, 10161ల స్థానంలో వచ్చిన ప్రమాణమిది.

అయితే జెడ్39.50, ఐఎస్ఓ 18626 రెండింటికన్నా ముందు తేల్చుకోవలసింది లిపి సంగతి అని నా గట్టి అభిప్రాయం. ఒకచోట పేరును తెలుగులో, మరోచోట రోమన్ అక్షరాల్లో తోచినట్టు ఎక్కిస్తే, బీరువాలో ఉన్న పుస్తకం కూడా వెతికితే దొరకదు. కేటలాగు రికార్డులు రాసే మార్క్ 21 అనే పద్ధతిలో రోమన్ రూపంతో పాటు తెలుగు రూపాన్ని 880 ఫీల్డులో (మరో లిపి రూపానికి కేటాయించిన గడిలో) ఇవ్వవచ్చు. తాళపత్రాలను అరువుకు పంపకుండా స్కాన్ ప్రతులే ఇవ్వాలని గత టపాలో అన్న మాటలో మార్పు లేదు.