సవరణ: ఇప్పగింజలను ఫ్రీజరులో పెట్టకండి

పోయిన వారం రాసిన దానిలో ఒక తప్పు దొర్లింది. అంతరించిపోతున్న మన మొక్కల గింజలు ఏవైనా ఎండబెట్టి ఫ్రీజరులో దాస్తే ఏళ్ల తరబడి బతుకుతాయని రాశాను. గుణుపురం నుంచి ఒక పెద్దాయన ఫోను చేసి, "బాబూ, గుగ్గిలం గింజ వారం దాటితే మొలవదు, ఇక ఎన్నేళ్లు దాస్తావు?" అని అడిగారు. గుగ్గిలం అంటే సాల చెట్టు. ఆయన మాటే నిజం.

వరి, రాగి, కంది వంటి గింజలకు నేను రాసింది వర్తిస్తుంది. వాటిని తేమ సుమారు 5 శాతానికి తగ్గేదాకా ఆరబెట్టి, గాలి చొరకుండా మూసి, మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంచవచ్చు. గుగ్గిలం, ఇప్ప, పనస, మామిడి గింజల స్వభావం వేరు. ఎండితే చస్తాయి, ఎండకుండా గడ్డకడితే లోపలి నీరు మంచు పలుకులై కణాలను చీల్చేస్తుంది. గుగ్గిలం అయితే తొలకరికి ముందు రాలి, వాన పడగానే మొలకెత్తాలి, అంతే.

ఇలాంటి వాటి విషయంలో గింజ మొత్తాన్ని కాక లోపలి పిండాన్ని మాత్రమే తీసి, నీరు పలుకు కట్టకుండా రక్షక ద్రావణంలో ఉంచి, మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో ముంచుతారు. ఢిల్లీలోని జాతీయ మొక్కల జన్యు వనరుల బ్యూరోలో ఆ ఏర్పాటు ఉంది. పర్లాకిమిడిలోని మా వంటింట్లో లేదు.

ఇంకొకటి: నార్వేలోని స్వాల్‌బార్డ్ విత్తన భాండాగారంలో ద్రవ నత్రజని వాడతారని రాయడమూ పొరపాటే. 2008లో తెరిచిన ఆ గిడ్డంగిలో ఉన్నది మైనస్ 18 డిగ్రీల చలి మాత్రమే.

ఇప్పగింజలు దాచుకున్నవారు వాటిని ఇప్పుడే సంచుల్లో నాటండి.